కొత్త మాంగా మొదలుపెట్టేవాళ్ళకు: కడప గుంపులో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం సాయంత్రాలు ఏడురోడ్ల దగ్గర్లో కూడి మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల గురించి మాట్లాడుకునే గుంపు మాది. కాలేజీ పిల్లలే ఎక్కువ. ఉద్యోగాలు చేసేవాళ్ళు కొందరున్నారు, ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళూ ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు తిప్పి తిప్పి అడిగేవి ఇవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాం. జవాబుల్లో మా అభిప్రాయాలు కలిసే ఉంటాయి. ఒప్పుకోకపోతే వచ్చి వాదించండి, దానికే కదా కూడేది.

కొత్త సిరీస్ మొదలైతే ఎన్ని చాప్టర్లు చదివి తీర్పు చెప్పాలి?

వారానికో చాప్టర్ వచ్చేదైతే మూడు చదవండి. మొదటిదాన్ని నమ్మకండి. అది యాభై పేజీల పైన ఉంటుంది, ముందు రంగు పేజీలుంటాయి, ఎడిటర్‌తో కూర్చొని నెలల తరబడి చెక్కినదై ఉంటుంది. రెండోది వచ్చేసరికి అందులో సగానికి, ఆ తర్వాత పంతొమ్మిది ఇరవై పేజీలకు దిగుతుంది. గీసేవాడి వారం వారం బతుకు ఎట్లా ఉండబోతోందో అప్పుడు తెలుస్తుంది. మూడోదాంట్లో మామూలుగా రెండో ముఖ్యపాత్ర దిగుతుంది, కథ ఎటు పోతుందో ఒక మాట పడుతుంది.

ఇంత తొందర ఎందుకంటే వీటిలో పేరున్నవి చాలావరకు వారపత్రిక సీరియళ్ళు. షుయేషా సంస్థ వీక్లీ షోనెన్ జంప్‌ను 1968లో మొదలుపెట్టింది. ఆ పత్రికలో పాఠకులకు ఒక సర్వే కార్డు ఉంటుంది. ఈ సంచికలో బాగా నచ్చిన మూడు సిరీస్‌ల పేర్లు రాసి పంపాలి. ఏది బతకాలో ఏది పోవాలో తేల్చడంలో ఆ కార్డులదే పెద్ద చెయ్యి. అందుకే రచయిత తన దగ్గరున్న సరుకంతా మొదటి వారాల్లోనే దించేస్తాడు. ఆ హడావుడి చూసి ‘వీడికి కథ చెప్పడం రాదు’ అనేయకండి. నెలనెలా వచ్చే పత్రికల్లో ఈ తొందర తక్కువ, వాటికి ఇంకాస్త ఓపిక పట్టవచ్చు.

మా గుంపులో ఒక అన్న అలవాటు నాకు నచ్చింది: రెండో చాప్టర్లో కొట్లాట వదిలేసి, హీరో ఎవరితో కూర్చొని తింటున్నాడో చూస్తాడు. తిండి దగ్గర మాటలు రాయగలిగినవాడు నూరు చాప్టర్లు లాగుతాడని ఆయన లెక్క. చాలాసార్లు నిజమే అవుతోంది.

షోనెన్, షోజో, సెయినెన్, జోసెయ్... ఇవి జానర్లేనా (కథల రకాలేనా)?

కాదు. ఏ పత్రికలో వచ్చింది, ఆ పత్రిక ఎవరి కోసం వేస్తున్నారు అన్నదాన్ని బట్టి వచ్చిన పేర్లు. వరసగా అబ్బాయిలు, అమ్మాయిలు, పెద్ద మగవాళ్ళు, పెద్ద ఆడవాళ్ళు. ‘ఇంత రక్తం ఉంది, ఇది సెయినెన్ కాదా?’ అని అడుగుతుంటారు. అటాక్ ఆన్ టైటన్ 2009 నుంచి 2021 దాకా నడిచింది బెస్సత్సు షోనెన్ మ్యాగజైన్‌లో. అంత నెత్తురు పారినా అది షోనెనే. కాగుయా-సామా అనే బడి ప్రేమల హాస్యం ఎక్కువకాలం వచ్చింది యంగ్ జంప్‌లో, అంటే సెయినెన్. కాబట్టి పేరు చూసి మెతక, గట్టి అని తేల్చుకోవద్దు.

ఇసెకాయ్ కథలన్నీ ఒకటే కదన్నా? లారీ గుద్దుతుంది, ఇంకో లోకంలో లేస్తాడు, అంతే కదా?

ఇది అడగని ఆదివారం లేదు. కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ఈ కథల్లో ఎక్కువభాగం మాంగాగా పుట్టలేదు. షోసెత్సుకా ని నరో అని జపాన్‌లో 2004లో మొదలైన ఒక సైట్ ఉంది, ఎవరైనా నవల రాసి పెట్టుకోవచ్చు. అక్కడ జనం మెచ్చింది పుస్తకమవుతుంది, పుస్తకం అమ్ముడైతే మాంగా అవుతుంది, అదీ ఆడితే అనిమే, అంటే కదిలే బొమ్మల సీరియలో సినిమానో. టైటిల్ రెండు లైన్ల పొడుగు ఎందుకుంటుందో ఇక్కడే అర్థమవుతుంది. వేల పేర్ల జాబితాలో పాఠకుడికి కనపడేది పేరొక్కటే. కాబట్టి కథంతా పేరులోనే కుక్కి పెడతారు.

లారీ సంగతీ అంతే. హీరోను పాత లోకం నుంచి తెంచాలి, వాడు తిరిగి పోవాలని ఏడవకూడదు, మూడు పేజీల్లో పని అయిపోవాలి. లారీ అయితే ఖర్చు తక్కువ. హీరో కళ్ళ ముందు గాల్లో తేలే పట్టీల్లో వచ్చే స్థాయి, బలం, నైపుణ్యాల లెక్కలు 1986లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ లాంటి వీడియో గేముల నుంచి దిగినవి. గిల్డు (సాహసికుల సంఘం) ఆఫీసు, దాని ముందు కూర్చున్న చిరునవ్వుల గుమస్తా అమ్మాయి, మొదటిరోజే హీరోను ఎగతాళి చేసి తన్నులు తినే బండోడు, వీళ్ళంతా జీతానికి కుదిరినట్టు ప్రతి కథకూ వస్తారు.

కానీ లోపల శాఖలు చాలా ఉన్నాయి. ఒక దాంట్లో అమ్మాయి తాను ఆడిన ప్రేమ గేములోనే దుష్టురాలైన జమీందారు బిడ్డగా పుడుతుంది. చివర తనకు ఉరో, దేశబహిష్కారమో తప్పదని ముందే తెలుసు, ఆ గండం తప్పించుకోవడమే కథ. ఇంకోదాంట్లో ‘నువ్వు పనికిరావు’ అని జట్టు వెళ్ళగొడుతుంది, తర్వాత వాడు లేకుండా జట్టు కుప్పకూలుతుంది. మూడో రకంలో హీరోకు యుద్ధాలు వద్దు, పల్లెలో కూరగాయలు పండించుకుంటాడు, మందుల అంగడి పెట్టుకుంటాడు. ఆఫీసులో నలిగిపోయిన జపాన్ ఉద్యోగి కల ఆ మూడో రకం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేస్తూ శని ఆదివారాలు ఇంటికొచ్చే మా వాళ్ళకు అదే ఎందుకు నచ్చుతుందో విడమర్చి చెప్పక్కర్లేదు.

కొత్త ఇసెకాయ్ చేతికొస్తే నేను చూసేది ఒకటే. హీరో రాకముందు ఆ లోకంలో మనుషులు పనులు చేసుకుంటూ బతికారా, లేక వీడొచ్చి సబ్బు కనిపెట్టేదాకా కళ్ళు మూసుకొని కూర్చున్నారా? రెండో రకమైతే పక్కన పెట్టేస్తాను.

సరే, దారి ముందే తెలిసినప్పుడు చదవడం దేనికి?

ఈ ప్రశ్నకు సీమవాళ్ళకంటే బాగా జవాబు చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరని నా నమ్మకం. ఎందుకంటే మన ఊర్లే ఒక జానర్ అయిపోయాయి.

ఫ్యాక్షన్ సినిమా గుర్తు తెచ్చుకోండి. ఫస్టాఫ్‌లో హీరో ఏ హైదరాబాద్‌లోనో నెమ్మదిగా తలొంచుకొని తిరుగుతాడు. ఇంటర్వెల్ ముందు ఎవరో ఆడపిల్ల మీద చెయ్యి వేస్తారు, వేటకొడవలి లేస్తుంది. తర్వాత ఫ్లాష్‌బ్యాక్: తెల్లపంచె పెద్దాయన, గాల్లోకి ఎగిరే సుమోలు, కొండారెడ్డి బురుజు మీదుగా కెమెరా. థియేటర్లో కూర్చున్న కడప పిల్లోడికి ఇది మొత్తం కంఠస్థం. అయినా ఇంటర్వెల్ ముందు ఈలలు వేసింది వాడే. అదే పిల్లోడు హైదరాబాద్ హాస్టల్లో చేరితే ‘మీ ఊర్లో రోజూ బాంబులేసుకుంటారంట గదా’ అని అడుగుతారు. అప్పుడు వాడు నవ్వాలో తిట్టాలో తెలీక నిలబడతాడు.

అంటే మనకు రెండు వైపులూ తెలుసు. కట్టుబాటు తెలిసినంత మాత్రాన రుచి చావదని థియేటర్లో తెలిసింది. ఆ కట్టుబాటు ఊరి అసలు బతుకు కాదని హాస్టల్లో తెలిసింది. మాంగా చదివేటప్పుడు ఈ రెండూ దగ్గర పెట్టుకోండి. జపాన్ బళ్ళన్నిటిలో మేడపైకి పోయి మధ్యాహ్నం డబ్బా విప్పుకుంటారనుకోవద్దు. అక్కడ చాలా బళ్ళలో మేడ తలుపుకు తాళం ఉంటుంది. ప్రిన్సిపాల్‌నే గడగడలాడించే విద్యార్థి సంఘాలు కూడా మన సుమోల బాపతే.

దీనికి మంచి ఉదాహరణ 2023 సెప్టెంబరులో జంప్‌లో మొదలైన కగురాబాచి. మొదటి చాప్టర్ రాకముందే ఇంటర్నెట్‌లో దాన్ని తమాషాకు ఆకాశానికెత్తారు, అది వేరే కథ. కథలోకి వస్తే, తండ్రి మంత్రకత్తులు చేసే కమ్మరి. మాంత్రికులు వచ్చి ఆయన్ను చంపి కత్తులు ఎత్తుకుపోతారు. కొడుకు తండ్రి చేసిన ఆఖరి కత్తి పట్టుకొని పగ తీర్చుకోవడానికి బయలుదేరతాడు. ఇది మా గుంపులో మొదటిసారి చెప్పినప్పుడు జమ్మలమడుగు తమ్ముడొకడు ‘అన్నా, ఇది మనోళ్ళ కథే కదా, కొడవలి బదులు కత్తి పెట్టినారు’ అన్నాడు. నిజమే. కానీ తేడా యాడ వచ్చిందో చూడండి. మామూలు షోనెన్‌లో హీరో చేతకానివాడిగా మొదలై గురువు దగ్గర దెబ్బలు తింటూ నేర్చుకుంటాడు. ఇక్కడ మొదటి చాప్టర్లోనే మూడేళ్ళు దాటేసి, కత్తి తిప్పడం వచ్చినవాణ్ణే మన ముందు నిలబెట్టాడు రచయిత. నేర్చుకునే భాగం ఎగిరిపోయింది కాబట్టి ఆ జాగాలో తండ్రీకొడుకులు పని చేసుకునే పేజీలు పడ్డాయి, వాళ్ళు పెంచిన బంగారు చేపలు పడ్డాయి. ఆ చేపలే తర్వాత కత్తి శక్తిగా కనపడతాయి. పగ పాతదే. తీసేసినదాని చోట ఏం పెట్టాడన్నదే కొత్త.

2024 సెప్టెంబరులో వచ్చిన ఇచి ద విచ్ ఇంకో దారి పట్టింది. మంత్రం ఆడవాళ్ళకు తప్ప రాని లోకంలో, కొండల్లో వేటాడుకునే పిల్లోడికి మంత్రం దక్కుతుంది. ఆ లోకంలో మంత్రాలే ప్రాణులు, వాటిని గెలవాలి. ‘ఎంచుకోబడ్డ వీరుడు’ కథలు చదివి చదివి విసిగినవాళ్ళకు, జోస్యంతో పని లేకుండా వేటగాడి లెక్కతో ఆలోచించే హీరో హాయిగా ఉంటాడు.

కొట్లాట సిరీస్‌లలో టోర్నమెంట్, చచ్చేముందు ఫ్లాష్‌బ్యాక్ తప్పవా?

టోర్నమెంట్ వల్ల రచయితకు పెద్ద లాభం. పాత్రలన్నిటినీ ఒక చోటికి తేవచ్చు, ఎవరి బలం ఎంతో పక్కపక్కన చూపించవచ్చు, పాఠకుడు రాత్రంతా జతలు వేసుకుంటూ కూర్చుంటాడు. 1984లో మొదలైన డ్రాగన్ బాల్‌లో ఇది బాగా పండింది, ఆ తర్వాత అందరూ అదే బాట. ఫ్లాష్‌బ్యాక్ గురించి మా గుంపు మాట: ఇప్పటిదాకా నోరు మెదపని పాత్రకు ఉన్నట్టుండి చిన్నతనం చూపించారంటే టెంకాయ కొట్టేయవచ్చు.

కట్టుబాట్లను పూర్తిగా వేరే పొలంలో నాటిన సిరీస్ కావాలంటే 2022లో మొదలైన అకానె-బనాషి చదవండి. రకుగో అనే కళ మీద కథ. ఒక్కరే మెత్త మీద కూర్చొని, విసనకర్ర, చేతిగుడ్డ తప్ప ఏమీ లేకుండా పాత్రలన్నీ తామే అయి కథ చెబుతారు. తండ్రిని పరీక్షలో ఒక పెద్ద గురువు వెళ్ళగొట్టాడు, కూతురు అదే వేదిక ఎక్కి పైస్థాయికి పోవాలని పట్టు పట్టింది. శిక్షణ ఉంది, పోటీదారులున్నారు, పోటీలున్నాయి. ఒక్క దెబ్బ కూడా పడదు. హరికథలు విన్న మా నాయనకు కథ చెబితే మిగతా వాల్యూములు (చాప్టర్లు కలిపి వేసే పుస్తకాలు) ఎప్పుడొస్తాయని అడుగుతున్నాడు.

ప్రేమ కథల్లో వాళ్ళెప్పుడు చెప్పుకుంటారు?

చెప్పుకోరు. చెప్పుకుంటే సీరియల్ అయిపోతుంది. అందుకే నోరు తెరిచే సమయానికి బాణసంచా పేలుతుంది, రైలు పోతుంది, లేకపోతే చిన్ననాటి స్నేహితురాలు తలుపు తీస్తుంది. జ్వరం వస్తే పలకరించడానికి ఇంటికి రావడం, ఒకే గొడుగు, సముద్రం, బడి పండుగ, ఫిబ్రవరి 14న అమ్మాయి చాక్లెట్ ఇస్తే మార్చి 14న అబ్బాయి తిరిగివ్వడం వరసగా వస్తాయి. ఏప్రిల్లో బడి మొదలవుతుంది కాబట్టి తొలి పేజీలో చెర్రీ పూలు రాలడం ఖాయం. ఇంటి పేరుతో పిలిచేవాళ్ళు సొంత పేరుతో పిలిచిన చాప్టర్ వస్తే అదే పెద్ద సంఘటన. ‘మీరు’ నుంచి ‘నువ్వు’లోకి దిగడానికి నెల రోజులు తడబడినవాళ్ళకు అందులోని కంగారు తెలుసు.

ఈమధ్య వచ్చేవి కొన్ని ముందే జంటను కలిపేసి, తర్వాత ఏమవుతుందో చూపిస్తున్నాయి. నాకు అవే ఇష్టం. నూరో చాప్టరుకు కూడా చెయ్యి పట్టుకోని సిరీస్‌లు మాకొద్దు.

ఆటల మాంగాకు ఆట తెలియాలా?

అక్కర్లేదు. ఓడిపోయే జట్టు, కొత్తగా చేరిన తెలియనివాడు, పుట్టుకతోనే మొనగాడైన ప్రత్యర్థి, వీళ్ళుంటే చాలు. తెలియనివాడికి నేర్పిస్తూ మనకూ నేర్పిస్తారు. స్లామ్ డంక్ 1990 నుంచి 1996 దాకా నడిచింది. అన్నేళ్ళు చదివితే కథలో గడిచేది కొన్ని నెలలే. ఒక మ్యాచ్ పుస్తకాలకు పుస్తకాలు పడుతుంది.

అనంతపురం వాళ్ళు వచ్చినప్పుడు మాత్రం ఈ చర్చ గొడవగా మారుతుంది. ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మైదానాల్లో ఫుట్‌బాల్, హాకీ ఆడి పెరిగినవాళ్ళు, 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లను ఊర్లోనే చూసినవాళ్ళు. ‘బంతి గాల్లో ఉండగా రెండు చాప్టర్ల ఫ్లాష్‌బ్యాకా? ఆ లోపు గోల్ అయిపోతుందప్పా’ అంటారు. దానికి మా దగ్గర జవాబు లేదు. క్రికెట్ మాంగా ఏదని కూడా అడుగుతారు. అక్కడ ఆ స్థానం బేస్‌బాల్‌ది. హైస్కూలు జట్ల కోసం ఏటా కోషియెన్ మైదానంలో పోటీలు జరుగుతాయి. ఓడిన పిల్లలు ఏడుస్తూ అక్కడి మట్టిని సంచుల్లో నింపుకొని ఇంటికి తీసుకుపోతారు. బేస్‌బాల్ మాంగాలో ఎవరైనా మోకాళ్ళ మీద కూర్చొని మట్టి ఎత్తుతుంటే రచయిత కల్పించాడనుకోవద్దు.

నాకు నచ్చినవన్నీ మధ్యలో ఆగిపోతున్నాయి. ముందే పసిగట్టొచ్చా?

కొంతవరకు. జంప్‌లో ఒకేసారి ఇరవై దాకా సిరీస్‌లు నడుస్తాయి. కొత్తది రావాలంటే పాతది పోవాలి. ఓట్లు రాని సిరీస్ ఇరవై చాప్టర్లు నిండకుండానే, రెండు మూడు వాల్యూములతో ముగుస్తుంది. సంచికలో ఏ సిరీస్ ముందుంది, ఏది వెనక్కి జారింది అని అభిమానులు జాతకంలా చూస్తారు. మొదటి ఏడెనిమిది వారాలు ఆ వరస పట్టించుకోకండి, ఓట్ల లెక్క అప్పటికి దాంట్లోకి దిగదు. ఆ తర్వాత వరసగా చివర్లోనే కనపడుతుంటే కష్టమే.

కథలోనూ తెలుస్తుంది. ఒక్కో చాప్టరుకు ఒక్కో శత్రువు రావాల్సింది నలుగురు కలిసి వస్తారు. దాచిన రహస్యం మాటల్లో చెప్పేస్తారు. చివర ‘మన పోరాటం ఇప్పుడే మొదలు’ అన్నట్టు అందరూ ముందుకు దూకే బొమ్మ. అదే సమాధి రాయి.

ఆగిపోయినవి చదవకూడదని మాత్రం అనను. రెండు మూడు వాల్యూముల్లో ముగిసే కథకు ఒక తెగింపు ఉంటుంది, ఇరవయ్యో వాల్యూము నీరసం ఉండదు.

సోలో లెవెలింగ్ మాంగా కాదా?

కాదు, అది కొరియాది, మన్హ్వా. ఫోనులో పైనుంచి కిందికి జరుపుకుంటూ చదివే రంగుల బొమ్మలు. మేం దాన్నీ మాట్లాడుకుంటాం, పట్టింపు లేదు.

కుడి నుంచి ఎడమకు చదవడం తలనొప్పిగా ఉంది.

రెండు వాల్యూముల్లో అలవాటైపోతుంది. మా గుంపులో ఉర్దూ చదివినవాళ్ళు మొదటిరోజే అలవోకగా చదివేసి మిగతావాళ్ళకు పాఠం చెప్పారు. పేజీలో పై కుడిమూల నుంచి మొదలుపెట్టండి, మాటల బుడగలు కూడా అదే వరస.

ఎక్కడ చదవాలి? తెలుగులో ఉందా?

షుయేషా 2019 జనవరిలో మాంగా ప్లస్ అనే యాప్ తెచ్చింది. మామూలుగా మొదటి మూడు చాప్టర్లు, తాజా మూడు చాప్టర్లు ఉచితం. కొత్త సిరీస్‌ను మొదటి వారం నుంచే పట్టుకుంటే పైసా ఖర్చు లేకుండా వెంట నడవవచ్చు. జపాన్‌లో సోమవారం మొదలయ్యే అర్ధరాత్రి మనకు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. అందుకే మా కూడిక ఆ లోపు ముగుస్తుంది, ఎవరి ఫోను వాళ్ళు పట్టుకొని ఇళ్ళకు పోతారు. విజ్ సంస్థ షోనెన్ జంప్ యాప్ కూడా మన దేశంలో పనిచేస్తుంది, దానికి నెలచందా కట్టాలి.

మాంగా ప్లస్‌లో ఇంగ్లీషుతో పాటు స్పానిష్, థాయ్, వియత్నామీస్ లాంటి భాషలున్నాయి, తెలుగు లేదు. అనిమే పరిస్థితి నయం. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాజిల్ సినిమా తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు వచ్చింది. మేం చదివేది ఇంగ్లీషులో అయినా వాదించేది కడప తెలుగులోనే. ఇంగ్లీషు తడబడేవాళ్ళు పక్కనున్నవాళ్ళను అడగడానికి మొహమాటపడకండి.

దొంగచాటుగా వారం మధ్యలో బయటపడే పేజీలు మా దగ్గర మాట్లాడొద్దు. కొత్త చాప్టర్ గురించి సోమవారం రాత్రి దాకా నోరు కట్టుకోవాలి, అది ఒక్కటే గుంపు నియమం.

ఇంట్లో ‘ఈ వయసులో బొమ్మల పుస్తకాలేంది’ అంటున్నారు.

చందమామ చదవలేదా అని అడగండి. 1947లో చక్రపాణితో కలిసి దాన్ని పెట్టిన బి. నాగిరెడ్డి మన కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవాడే. అందులో బేతాళ కథ ప్రతినెలా ఒకేలా మొదలయ్యేది: పట్టువదలని విక్రమార్కుడు చెట్టు మీదనుంచి శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు. ఒకేలా ముగిసేది: మౌనం చెడుతుంది, బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. దశాబ్దాల పాటు ఇంటిల్లిపాదీ చదివారు. మధ్యలో వచ్చే చిక్కుప్రశ్న కోసం చదివారు. మా అవ్వ ఇప్పటికీ సమాధానం ముందు చెప్పేసి తర్వాత పేజీ తిప్పుతుంది. ఆమెకు వాల్యూమ్ ఇచ్చి చూశాం, బొమ్మలు నల్లగా ఉన్నాయని తప్ప వేరే ఫిర్యాదు లేదు.

నేను సొంతంగా గీయాలనుకుంటున్నా. యాడ మొదలుపెట్టాలి?

నాలుగు గళ్ళ కథతో. జపాన్‌లో దాన్ని యోన్‌కోమా అంటారు: మొదటి గడిలో సంగతి, రెండోదాంట్లో కొనసాగింపు, మూడోదాంట్లో మలుపు, నాలుగోదాంట్లో ముగింపు. మలుపు పండకపోతే నలభై పేజీలు గీసినా పండదు. తర్వాత ఒక్క చాప్టర్లో ముగిసే కథ రాయండి. అక్కడి వాళ్ళు అసలు బొమ్మకు ముందు ‘నేమ్’ అని చిత్తుప్రతి వేస్తారు, గళ్ళు, బుడగలు, మనుషుల బదులు పుల్లబొమ్మలు. ఎడిటర్ కోతలన్నీ ఆ దశలోనే పడతాయి.

కడపలోనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది, 2020లో పెట్టారు. అక్కడి పిల్లలు కొందరు మా దగ్గరికి వస్తుంటారు, శరీర నిష్పత్తుల సందేహాలు వాళ్ళనడగండి. పూర్తయినదాన్ని బయటికి పంపాలంటే షుయేషా 2022లో మొదలుపెట్టిన మాంగా ప్లస్ క్రియేటర్స్ ఉంది, ఇంగ్లీషులో పెట్టవచ్చు.

ఒక మాట. మా దగ్గరికి గీసి తెచ్చే పది కథల్లో తొమ్మిది టోక్యో బళ్ళలో జరుగుతున్నాయి, గీసినవాళ్ళు ఎవరూ టోక్యో చూడలేదు. ఇంటర్ హాస్టల్లో ఉదయం ఐదింటి స్టడీ అవర్ మీద ఒక్కటైనా రాలేదు. దాంట్లో దయ్యాన్ని దించుతారో, టోర్నమెంటే పెడతారో మీ ఇష్టం. తెచ్చేటప్పుడు పెన్సిల్ గీతలతోనే తీసుకురండి. ఇంకు వేశాక దిద్దమంటే ఎవరికీ మనసొప్పదు.